పడని మందు, రాయని చీటీ

సత్తెనపల్లి పరిసర గ్రామాల్లో మిరప కోతల వేళ జ్వరపడిన కూలీ ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదా మందుల షాపుకు. కూలి పోకూడదు కనుక సూది వేయించుకుంటాడు. అందులో ఏముందో చెప్పేవారుండరు, అడిగే అలవాటూ తక్కువే. దద్దుర్లు లేచి పెదవులు వాస్తే "ఆ మందు నాకు పడలేదు" అన్న మాట గుర్తుంటుంది గానీ మందు పేరు గుర్తుండదు. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన అమాక్సిసిలిన్ ఒక్కటే ఎన్నో బ్రాండ్లుగా అమ్ముడవుతోంది. ఒకసారి దద్దుర్లతో సరిపోయినా, అదే మందు వేరే పేరుతో మళ్లీ తీసుకుంటే ఊపిరాడక, రక్తపోటు పడిపోయి నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు.

ఇంతే తీవ్రమైన రెండో ప్రమాదం పైకి కనిపించదు. మందు మింగాక వాంతులైనా, విరేచనాలైనా అలర్జీ అనే ముద్ర పడుతోంది. పెన్సిలిన్ పడదని నమ్మినవారిని పాశ్చాత్య దేశాల్లో పరీక్షించగా 10 మందిలో 9 మందికి అలర్జీ లేదని తేలింది. నిజంగా ఉన్నవారిలోనూ పదేళ్లు గడిస్తే చాలామందికి అది తగ్గిపోతుంది. అయినా తప్పుడు ముద్ర కారణంగా వారికి మరింత విస్తృతంగా పనిచేసే మందులు వాడుతున్నారు. మందులకు లొంగని క్రిములు అలాగే బలపడతాయి. రుమాటిక్ గుండెజబ్బు ఉన్న పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పనిసరి. రియాక్షన్ భయంతో దాన్ని వేయడానికి నిరాకరిస్తే దెబ్బతినేవి ఆ పిల్లల గుండె కవాటాలు.

పెన్సిలిన్‌కు ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కుటుంబానిదే నేటి డాక్సీసైక్లిన్. అయితే దాన్ని గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. గర్భిణికి సిఫిలిస్ సోకితే పెన్సిలిన్‌కు సాటి రాగల మందే లేదు. అలర్జీ ఉన్నా, ఆసుపత్రిలో కొద్దికొద్దిగా మోతాదు పెంచి శరీరానికి అలవాటు చేసి దాన్నే ఇస్తారు. ఇలాంటి నిర్ణయాలు మందుల షాపు కౌంటరు దగ్గర జరిగేవి కావు.

2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఔషధ నిబంధనల హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు కొన్న రోగి పేరు, రాసిన వైద్యుని పేరు రిజిస్టరులో నమోదు కావాలి. ఆ మందు పడిందో లేదో మాత్రం అందులో ఉండదు. కనుక ప్రతి ఓపీ చీటీలో పడని మందు పేరు, ఎంతసేపటికి ఏం జరిగింది, ఏ తేదీన అన్న వివరాలు రాయడాన్ని ఆరోగ్య యంత్రాంగం తప్పనిసరి చేయాలి. ఔషధ దుష్ప్రభావాలను 1800-180-3024 నంబరుకు ఎవరైనా తెలపవచ్చని గ్రామాల్లో ప్రచారం చేయాలి. బోధనాసుపత్రుల్లో అలర్జీ నిర్ధారణ పరీక్షలు పేదలకు అందుబాటులోకి తేవాలి. చీటీ లేని యాంటీబయాటిక్ అమ్మకాలను, అర్హత లేనివారు వేసే సూదులను ఔషధ నియంత్రణ, వైద్య అధికారులు ఇకనైనా ఉపేక్షించరాదు.

అన్నిటికంటే అత్యవసరమైనది అడ్రినలిన్. తీవ్రమైన రియాక్షన్‌లో తొడ కండరానికి వెంటనే ఇవ్వాల్సిన మందు అదే, ఖరీదైనదీ కాదు. సూది వేసే ప్రతి ఆరోగ్య కేంద్రంలో, ప్రతి క్లినిక్‌లో అది ఉందా, గడువు దాటిందా, దాన్ని ఇవ్వడం సిబ్బందికి వచ్చా అన్నది అధికారులు స్వయంగా తనిఖీ చేసి, ఆ వివరాలను ప్రజల ముందుంచాలి.