చంద్రుడి ప్లాస్మాను దగ్గరుండి కొలవాల్సిందే

చంద్రయాన్-3 అనగానే విక్రమ్ ల్యాండర్ దిగిన క్షణం, ప్రజ్ఞాన్ రోవర్ చక్రాల జాడలు గుర్తొస్తాయి. ల్యాండర్ పైభాగం నుంచి మీటరు పొడవు కడ్డీ చివర నిలిచిన లోహపు గోళం సంగతి చాలామందికి తెలియదు. దాని వ్యాసం 5 సెంటీమీటర్లు, పెద్ద నిమ్మకాయంత. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో తయారైన ఈ లాంగ్‌మ్యూర్ ప్రోబ్, 2023 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 3 వరకు చంద్రుడి నేలను అంటిపెట్టుకుని ఉండే ప్లాస్మాను, అంటే విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్ల పలుచని పొరను కొలిచింది. దక్షిణ ధ్రువ ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఇకపై మనం దించే ప్రతి ల్యాండర్‌లోనూ ఇలాంటిది ఉండి తీరాలి.

గోళానికిచ్చే వోల్టేజీని మెట్టుమెట్టుగా మారుస్తారు. ధన వోల్టేజీకి ఎలక్ట్రాన్లు, రుణ వోల్టేజీకి అయాన్లు వచ్చి పడతాయి. పికో ఆంపియర్ల స్థాయి వరకు తగ్గగల ఆ కరెంటు ఎలా మారిందో చూసి సాంద్రతను, ఉష్ణోగ్రతను లెక్కగడతారు. ఉపగ్రహం పంపే రేడియో సంకేతాల్లో మార్పును బట్టి దూరం నుంచే అంచనా వేయొచ్చు కదా అనవచ్చు. విక్రమ్ కొలతల్లో తేలిన సాంద్రత ఘన సెంటీమీటరుకు 380 నుంచి 600 ఎలక్ట్రాన్లు. రేడియో పద్ధతి చెప్పినదానికంటే ఇది చాలా ఎక్కువ. సుదీర్ఘ మార్గం మొత్తానికి సగటు చెప్పే సంకేతానికి నేలమీది పొర విడిగా చిక్కదు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. ప్రోబ్ తాను కొలవబోయేదాన్నే కదిలిస్తుంది. ఎండ తగిలితే గోళం నుంచే ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో సౌర పవనం వచ్చి తాకుతుంటే, కదలని ప్లాస్మాకు రాసిన సూత్రాలు అయాన్లకు సరిపోవు. అంతా నిజమే. అయితే ఇవి కారణం తెలిసిన దోషాలు, లెక్కకట్టి సవరించుకోగలం. పైగా ఎలక్ట్రాన్ల సొంత వేగం ఆ ప్రవాహ వేగాన్ని మించినది కాబట్టి, వాటి లెక్కపై ప్రవాహం ప్రభావం తక్కువ. తొలి రోజుల్లో ప్రకటించిన ప్రాథమిక అంచనా ఘన సెంటీమీటరుకు 5 నుంచి 30 మాత్రమేనని వేలెత్తి చూపేవారికి నా జవాబు ఒక్కటే: అది చంద్రుడిపై పగటి తొలి దశకు వేసిన అంచనా. నమోదైన కరెంటు భద్రంగా ఉన్నంతకాలం లోతుగా మళ్లీ విశ్లేషించుకోవచ్చు.

ఒక్కచోట, ఒక్క పగలు కొలిచి ఆగిపోవడమే అసలు లోటు. చంద్రుడు నెలకోసారి కొన్ని రోజులు భూమి అయస్కాంత తోకలోంచి సాగిపోతాడు. అప్పుడు నేలను తాకే కణాలే మారిపోతాయి. ఆ కణాల వల్ల కూడా ధూళికి విద్యుదావేశం వచ్చి పరికరాలకు పట్టుకుంటుంది. రేపు మనుషుల్ని దించాలనుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. రెండు వారాల చంద్ర రాత్రిలో ఏం జరుగుతుందో తేల్చాలంటే, ప్రోబ్‌తోపాటు ఆ చలిని తట్టుకునే ఏర్పాటునూ ల్యాండర్‌కు ముందే సమకూర్చాలి.