దగ్గర దారి

మొన్న సెలవు రోజున భోజనం చేసి, నడుం వాల్చకుండా చొక్కా తొడుక్కుంటూ ఉంటే, "ఈ ఎండలో ఎక్కడికండీ?" అంది మా ఆవిడ.

"వీరేశలింగంగారింటికి."

"పంతులుగారు నిద్రపోతూ ఉంటారేమో! సాయంత్రం వెళ్ళకూడదూ?"

నవ్వితే నవ్వనివ్వండి. రాజమహేంద్రవరంలో పుట్టి, పదిహేనేళ్ళుగా పిల్లలకు పంతులుగారి వచనం పాఠం చెబుతూ, ఇంతవరకూ ఆయన ఇంటి గడప తొక్కలేదు నేను. సొంత ఊళ్ళో వింతలు ఎప్పుడూ రేపు చూడవలసినవే కదా! ఆమధ్య క్లాసులో ఒక అమ్మాయి లేచి, "రాజ్యలక్ష్మమ్మగారు నీళ్ళు మోశారన్నారు కదండీ, ఆ ఇంటికి గోదావరి ఎంత దూరం?" అని అడిగింది. తెల్లమొహం వేశాను.

ఆ కథ మీకు తెలిసిందే. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చినా, మన సీమలో పాతికేళ్ళపాటు అది కాగితం మీదే ఉండిపోయింది. 1881 డిసెంబరు 11న పంతులుగారు తమ ఇంట్లో గోగులపాటి శ్రీరాములుగారికీ, పసితనంలోనే భర్త పోయిన గౌరమ్మకూ పెళ్ళి చేశారు. డబ్బు సాయం కాకినాడ పైడా రామకృష్ణయ్యగారిది, కాపలా విద్యార్థులది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారే బిందె పట్టుకుని గోదావరికి నడిచారు. తెచ్చి, వండి వడ్డించారు.

ఇల్లు చూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ రేవు వైపు బయలుదేరాను. సగం దారిలో మా పెద్దమామ్మ జ్ఞాపకం వచ్చింది. తాతగారి అప్పగారు. ఎనిమిదో ఏట పెళ్ళి. తొమ్మిదో ఏటికి అంతా అయిపోయింది. నా చిన్నతనంలో తెల్లవారుజామున చెయ్యి పట్టుకుని నన్ను గోదావరి స్నానానికి తీసుకువెళ్ళేది. ఈ వీధిన కాదు. చుట్టు తిరిగి వేరే సందులోంచి.

"అటు దగ్గర కదా మామ్మా?" అంటే, "అటు ఎండరా నాన్నా" అనేది.

కోడి కూయని వేళ ఎండేమిటని అడగాలని అప్పుడు తోచలేదు.

ఆవిడ పుట్టేసరికే ఆ పెళ్ళి జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఇంటికీ పంతులుగారింటికీ మధ్య ఉన్నవి నాలుగు వీధులు. మా ముత్తాతగారు చెడ్డవారు కారు. పంతులుగారి పుస్తకాలు కొని, అట్టలు వేయించి, బీరువాలో దాచుకున్నారు. నేను ఎమ్మే చదివింది ఆ పుస్తకాలతోనే. కాని కూతురి చెయ్యి పట్టుకుని ఆ నాలుగు వీధులూ నడవడానికి ఆయనకు కాళ్ళు రాలేదు.

అడుగుల లెక్క ఎక్కడో తప్పింది. ఆ అమ్మాయికి అదే చెప్పాలి. ఎందుకు తప్పిందో కూడా చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు మామ్మ దారినే వచ్చాను. చాలా చుట్టు. పైగా నీడన్నది లేదు.

మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ మా ఆవిడ అడిగింది: "పంతులుగారు కనబడ్డారా?"

"మామ్మ కనబడింది" అన్నాను.