బరువు దిగాల్సింది ఒంటి మీంచేనా?

ఆమధ్య ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నిద్ర పట్టదు, మెడ నొప్పి, రెండేళ్ళలో పదకొండు కిలోల బరువు పెరిగాను. ఆయన రిపోర్టులు తిరగేసి, "స్ట్రెస్సమ్మా, మరేం లేదు. టెన్షన్లు తగ్గించుకోండి. పొద్దున్నే ఓ గంట బీచి రోడ్డులో నడవండి. పడుకునే ముందు ప్రాణాయామం చెయ్యండి. మనశ్శాంతి మన చేతుల్లోనే ఉంది" అన్నాడు. మూడు నిమిషాల్లో అయిపోయింది. నేను ఎన్నింటికి లేస్తానో, ఎన్నింటికి పడుకుంటానో, మంచం పట్టిన మా అత్తగారిని ఎవరు చూస్తున్నారో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా తలూపి వచ్చేశాను. ఇంటి చాకిరీ గురించి పాతికేళ్ళుగా క్లాసుల్లో పాఠాలు చెప్పి, వ్యాసాలు రాసిన దాన్ని! అలా తలూపి వచ్చినందుకు నా మీద నాకు కలిగిన కోపమే ఈ వ్యాసం.

డాక్టరు చెప్పింది అబద్ధమని నేననడం లేదు. ఒత్తిడి ఎక్కువకాలం సాగితే ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. అది ఆకలి పెంచుతుంది, తీపి మీదికీ నూనె వస్తువుల మీదికీ మనసు లాగుతుంది, కొవ్వుని పొట్ట దగ్గర పేరుస్తుంది. నిద్ర తగ్గితే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. నడక వల్ల నిద్ర బాగుపడుతుంది. శ్వాస మీద మనసు నిలిపి కూర్చుంటే గుండె వేగం నెమ్మదిస్తుందని హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లోనే పుస్తకం రాశాడు. ఇవన్నీ నిజాలే. కానీ ఈ నిజాలు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. ఒత్తిడి వచ్చేసిన తర్వాత మొదలవుతున్నాయి. అది ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు.

లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం ఆ ప్రశ్న వేసింది. పందొమ్మిదేళ్ళు గమనించి, పని ఒత్తిడిలో ఉన్నామని మళ్ళీ మళ్ళీ చెప్పినవాళ్ళలో ఊబకాయం, అందులోనూ నడుం చుట్టూ, ఎక్కువగా వచ్చిందని 2007లో తేల్చింది. అక్కడ ఒత్తిడికి వాళ్ళు చెప్పుకున్న అర్థం మనసులోని దిగులు కాదు. చెయ్యాల్సిన పని ఎక్కువ, ఆ పని మీద అధికారం తక్కువ, ఆసరా ఇచ్చేవాళ్ళు తక్కువ. ఇది చదివినప్పుడు నాకు ఏ ఆఫీసూ గుర్తుకు రాలేదు. మా వంటిల్లు గుర్తొచ్చింది.

మా విశాఖపట్నంలో పొద్దున్నే కాసేపు బీచి రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. నడిచేవాళ్ళకి రోడ్డంతా సొంతం. ఎంతో మంచి పని. కానీ ఆ వేళలో ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఎక్కడుంటారు? స్టవ్వు దగ్గర. పాలు, టిఫిను, పిల్లల స్కూలు బస్సు, క్యారేజీలు అన్నీ ఆ వేళే. స్టీల్‌ప్లాంటులో పని మూడు షిఫ్టుల్లో నడుస్తుందని అందరికీ తెలుసు. మగాడు పొద్దున్న ఆరింటి షిఫ్టుకి వెళ్తే ఆ ఇంటి ఇల్లాలు నాలుగింటికి లేస్తుంది. అతను మధ్యాహ్నం షిఫ్టు దిగి రాత్రి వచ్చేదాకా అన్నం పెట్టుకుని మెలకువగా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే పిల్లల గొంతు పైకి లేవకుండా కాపలా కాస్తుంది. అతని షిఫ్టులు మారుతుంటాయి. ఆమెవి మారవు, మూడూ ఆమెవే.

ఆ ప్లాంటును పూర్తిగా ప్రైవేటుకి ఇచ్చేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. అప్పటినుంచి ఉక్కునగరంలోనూ గాజువాకలోనూ ఎన్ని ఇళ్ళలో నిద్రలు పోయాయో! 2025లో వేల సంఖ్యలో కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. రోడ్డు మీద దీక్షా శిబిరం కనబడింది గానీ, చీటీ డబ్బులెలా కట్టాలా, స్కూలు ఫీజెలా తేవాలా అని రాత్రంతా లెక్కలేసుకునే ఆడవాళ్ళు ఎవరికీ కనబడలేదు. వాళ్ళకి గాఢంగా ఊపిరి పీల్చుకోమని చెబుదామా? పాత నగరంలో పోర్టు వైపు ఇళ్ళలో ఆ ఊపిరీ శుభ్రంగా లేదు. బొగ్గుపొడి కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందెల మీద వాలుతుంది. కాలుష్యం గురించి రాసేవాళ్ళు ఊపిరితిత్తుల గురించి రాస్తారు. ఆ పొడిని రోజుకి రెండుసార్లు ఊడ్చి తుడిచే చేతుల గురించి రాయరు. అది కూడా ఇంటిపని ఖాతాలోకే పోతుంది.

ఆ ఖాతా ఎంతో ప్రభుత్వమే లెక్క కట్టింది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని మీద రోజుకి స్త్రీలు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. అదీ ఆ పని చేసే మగాళ్ళ సగటు మాత్రమే. అసలు ముట్టనివాళ్ళు ఆ లెక్కలో లేరు. ఇంకో లెక్క కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో 58.8 శాతం మందికి రక్తహీనత. బరువేమో ఎక్కువ, రక్తమేమో తక్కువ. మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని బద్ధకస్తురాలని తిడుతున్నాం.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం మా ఊళ్ళోనే జరిగింది. ఆర్.కె. బీచి నుంచి భీమిలి వైపు పొడుగూతా చాపలు పరిచారు. ప్రధాని వచ్చారు. మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అదే జూన్ నెలలో రాష్ట్ర మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికీ, స్త్రీలతో రాత్రి షిఫ్టులు చేయించుకోవడానికీ ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటలు దాటదనీ, ఆమె ఒప్పుకుంటేనే రాత్రి పని అనీ చెప్పారు. ఉద్యోగం పోతుందన్న భయంలో ఒప్పుకోవడానికి ఎంత విలువుంటుందో మనకి తెలియదా? పదిగంటల పని అయ్యాక ఇంట్లో మరో ఐదు గంటల పని ఉన్న మనిషి ఆ చాప ఎప్పుడు పరుచుకోవాలి? ఒక చేత్తో గంట లాక్కుని, రెండో చేత్తో ప్రశాంతత నేర్పిస్తామంటే దాన్ని ఆరోగ్య విధానం అనాలా?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. బీచి రోడ్డులో బూట్లేసుకుని నడుస్తుంటే జాలరిపేట వైపు నుంచి చేపల బుట్టతో వస్తున్న ఒకామె ఎదురైంది. రోజూ కనిపిస్తావు, కాసేపు కూర్చోవా అన్నాను. "నాను నడిస్తేనే కదమ్మా ఇంట్లో పొయ్యి ఎలుగుతాది" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. నేను బరువు తగ్గడానికి నడుస్తున్నాను. ఆమె బరువు మోస్తూ నడుస్తోంది. ఇంటికొచ్చేసరికి మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి నాలుగో ఇంటి పని ముగించి మా గుమ్మంలో నిలబడి ఉంది. నా నడక గంట ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది. అది ఆమె గంట. స్త్రీవాదం మాట్లాడే మనలో చాలామంది తీరిక ఇలా ఇంకో ఆడదాని తీరికలోంచి తెగొచ్చినదే. ఆమెకి వారానికో సెలవు, జబ్బు చేస్తే జీతం ఇవ్వకుండా మనం ధ్యానం గురించి మాట్లాడుకోవడం సిగ్గుచేటు.

అయితే వ్యాయామం మానేయమంటావా అని అడుగుతారు. మానొద్దు. నేనిప్పుడు నడుస్తున్నాను, కానీ వేరే లెక్కలో. ఇంట్లో గొడవపడ్డాను. పొద్దున్న తన తల్లి పనులు మా ఆయన చూసుకోవాలన్నాను. నెలరోజులు మాటల్లేవు. ఆ తర్వాత మొదలుపెట్టాడు. పనమ్మాయికి ఆదివారం సెలవిచ్చి, ఆ గిన్నెలు ఇద్దరం తోముకుంటున్నాం. పదకొండు కిలోల్లో తగ్గింది మూడే. నిద్ర మాత్రం తిరిగొచ్చింది. నాకు నడక వల్ల ఎంత మేలు జరిగిందో, పంచుకున్న పని వల్ల అంతకంటే ఎక్కువ జరిగిందని నా నమ్మకం.

కాబట్టి విశ్రాంతిని చిట్కాగా కాదు, హక్కుగా అడుగుదాం. ఎనిమిది గంటల పనిదినం వెనక్కి రావాలి. మల్కాపురం, జ్ఞానాపురం, గాజువాక ఆడవాళ్ళకి సాయంత్రం వేళ దీపాలున్న, వాహనాలు లేని నడక దారులు కావాలి. నూనె ఎంత వాడుతున్నావని అడిగే డాక్టర్లు, ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, ఇంట్లో పని ఎవరు చేస్తున్నారని కూడా అడగాలి. మన సభల్లో కలిసినప్పుడు "ఏంటలా ఒళ్ళు చేశావ్?" అని పలకరించడం ముందు మనం మానాలి. ఆ ఒంటి మీద ఎవరెవరి బరువుందో తెలుసుకోకుండా ఆ మాట అనే అర్హత మనకి లేదు.