ఇంటికి పనికివచ్చే మాటలు: వ్యాన్‌లో పాట ఎందుకు ఆగిపోయింది?



దేవరకొండ ప్రాంతము నుండి ఒక సంఘ పెద్ద అడిగిన ప్రశ్న ఇది: "మా సంఘము వ్యాన్‌లో పాటల సెట్టు నిన్నటి వరకు బాగానే మ్రోగింది. తండాలో కూటమునకు వెళ్తుండగా ఒక్కసారిగా శబ్దము ఆగిపోయింది. షాపులో అడిగితే కొత్త సెట్టు వేయాలన్నారు. మా యౌవనస్థుడొకడు ఫ్యూజు ఉన్న చోట రాగితీగ చుడితే చాలంటున్నాడు. ఏది మంచిది?"

అయ్యా, రెండూ వద్దు. ముందు వెదకండి. పోయిన వెండి నాణెము కొరకు ఆ స్త్రీ దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, జాగ్రత్తగా వెదికినట్టు లూకా 15వ అధ్యాయములో చదువుతున్నాము. వెదకకుండా కొత్తది కొంటే ఆ డబ్బు ఎవరిది? కూలికి పోయి వచ్చిన విధవరాలు వేసిన కానుక కూడా అందులో ఉన్నది.

1889లో మన దేశమునకు వచ్చి నల్గొండలో సేవ చేసిన అబ్రహాము ఫ్రీసెన్ దంపతుల కాలములో మన పల్లెలకు కార్లు లేవు, స్పీకర్లు లేవు. సేవకుని గొంతే ఆధారము. నేడు పాట వినిపించాలంటే బ్యాటరీ, ఫ్యూజు, సెట్టు, వైరు, స్పీకరు అన్నీ వరుసగా పని చేయాలి. ఈ దారిలో శబ్దము ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

మొదటి ప్రశ్న: సెట్టులో లైటు వెలుగుతున్నదా?

లైటు వెలగకపోతే కరెంటు సెట్టు దాకా రావడము లేదు. తాళము తీసి, ఫ్యూజు పెట్టె తెరవండి. చాలా బండ్లలో అది డాష్‌బోర్డు క్రింద ఉంటుంది. కొన్నిటిలో బానెట్ క్రింద కూడా మరొకటి ఉంటుంది. ఏ ఫ్యూజు దేనిదో మూతమీద గాని, బండితో ఇచ్చిన పుస్తకములో గాని ఉంటుంది. ఫ్యూజును బయటికి లాగి వెలుతురులో చూడండి. లోపలి సన్నని లోహపు తీగ తెగి ఉంటే అది కాలిపోయినట్టే. అనేక సెట్లకు వెనుక భాగములో కూడా ఒక ఫ్యూజు ఉంటుంది, దానిని మరచిపోవద్దు. కొన్ని బండ్లలో ఫోను ఛార్జింగు పెట్టే సాకెట్‌కు, సెట్టుకు ఒకటే ఫ్యూజు. ఛార్జింగు కూడా ఆగిపోతే అనుమానము ఆ ఫ్యూజు మీదనే.

కొత్త ఫ్యూజు అదే నంబరుది వేయాలి. ఎరుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20. కొద్ది రూపాయల వస్తువు. వేసిన వెంటనే మళ్ళీ కాలితే ఎక్కడో వైరు బండి బాడీకి తగులుతున్నదని అర్థము. అప్పుడు మెకానిక్‌కు చూపించండి.

రెండవది: లైటు వెలుగుతున్నది, శబ్దము లేదు.

ముందు చిన్నవి చూడండి. మ్యూట్ బటను నొక్కబడి ఉన్నదేమో. ఫోనులో వాల్యూము తగ్గి ఉన్నదేమో. బ్లూటూత్ వెనుక సీటులోని మరొకరి ఫోనుకు కలిసిపోయి ఉండవచ్చు. పెన్‌డ్రైవ్ తీసి రేడియో పెట్టండి. రేడియో పలికితే సెట్టు, స్పీకర్లు బాగున్నవి. తప్పు పెన్‌డ్రైవ్‌లోనో ఫోనులోనో ఉన్నది. ముందు, వెనుక, కుడి, ఎడమ స్పీకర్లకు శబ్దమును పంచే సర్దుబాటు కూడా చూడండి. పిల్లలు తిప్పితే శబ్దమంతా పాడైన స్పీకరు వైపే పోయి ఉండవచ్చు.

ఒక స్పీకరు మాత్రమే మూగబోతే తలుపు వైరు చూడాలి. తలుపు తీసి వేయగా వేయగా కీలు దగ్గర వైరు తెగుతుంది. స్పీకరును పరీక్షించుటకు గోడ గడియారములో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. స్పీకరు వైర్లు రెండూ సెట్టు నుండి విడదీసి, సెల్ రెండు కొనలకు క్షణము తాకించండి. "టప్" మంటే స్పీకరు బ్రతికే ఉన్నది. ఏ శబ్దమూ రాకపోతే అదే పరీక్ష స్పీకరు దగ్గర చేయండి. అక్కడ పలికితే నడుమ వైరు తెగినట్టు.

అన్ని స్పీకర్లు ఒక్కసారే ఆగి, అద్దము మీద "ప్రొటెక్ట్" అని అక్షరాలు వస్తే సెట్టు తనను తాను కాపాడుకొనుచున్నది. స్పీకరు వైరు ఎక్కడో ఒలిచిపోయి ఇనుమునకు తగిలి ఉంటుంది. గుంతల రోడ్ల అదురుకు ఇది సాధారణమే. గుంతలో పడినప్పుడల్లా శబ్దము పోయి వస్తుంటే సెట్టు వెనుక నల్ల వైరు, అనగా ఎర్తు, వదులైనదేమో చూడండి.

బ్యాటరీ మార్చిన తరువాత "కోడ్" అని అడిగితే అది జబ్బు కాదు, దొంగల భయమునకు పెట్టిన తాళము. ఆ నంబరు బండి కాగితాలలో వెదకండి, ఊహించి నొక్కవద్దు.

ఒక హెచ్చరిక. సెట్టు బయటికి తీసే ముందు బ్యాటరీ మైనస్ కొనను విడదీయండి. గాలి సంచులున్న కొత్త బండ్లలో స్టీరింగు దగ్గరి పసుపు తొడుగు వైర్లను ముట్టవద్దు.

ఇక రాగితీగ సంగతి. 12 వోల్టులే గదా, షాకు కొట్టదు గదా అంటారు. షాకు కొట్టదు గాని కాల్చుతుంది. వైరు బాడీకి తగిలినప్పుడు బ్యాటరీ నుండి వందల ఆంపియర్లు పారగలవు. ఫ్యూజు ఉంటే అది కాలి బండిని కాపాడుతుంది. రాగితీగ ఉంటే అది కాలదు, డాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది. ఆ వ్యాన్‌లో ఆదివారము బడి పిల్లలు కూర్చుంటారు. తీగ ఇప్పటికే చుట్టి ఉంటే ఈ పత్రిక ప్రక్కన పెట్టి వెళ్ళి తీసివేయండి.

మనస్సాక్షి కూడా ఇటువంటి ఫ్యూజే. తప్పు జరిగినప్పుడు అది గుచ్చి మనలను ఆపుతుంది. దాని నోరు మూయించి ముందుకు పోయేవారిని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయములో హెచ్చరించెను. ఇంటిలో కుటుంబ ప్రార్థన ఆగిపోయినా, అన్నదమ్ముల మధ్య మాట ఆగిపోయినా, పైకి సర్దివేయక ఎక్కడ తెగినదో కూర్చుండి వెదకుదుము. చాలాసార్లు తెగినది చిన్నదే. దానిని కలుపుకొనుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.