మీటరు తాగే కరెంటు

గుండిగెడు చారులోంచి గరిటెడు తీసి రుచి చూస్తే తరిగేదేమీ వుండదు. అదే గరిటెతో వుగ్గుగిన్నెలో పాలు రుచి చూశామనుకోండి, పసివాడికి మిగిలేదేమిటి? పాత వాల్వు రేడియోలో వోల్టులు కొలవడం యిలాంటి పనే.

మీటరు వూరికే చూసి చెప్పదు. తానూ కాస్త కరెంటు తాగి మరీ చెబుతుంది. ముల్లు మీటర్లలో యెంత తాగేదీ సాధారణంగా డయలు మీదే రాసి వుంటుంది: వోల్టుకి యిన్ని ఓములని. ఆ అంకె యెంత చిన్నదైతే మీటరు అంత తాగుబోతన్నమాట.

లెక్క చూడండి. లక్ష ఓముల రెసిస్టెన్సులు రెండు వరసగా కలిపి 200 వోల్టులిస్తే ఒక్కొక్కదానికీ 100 వోల్టులు రావాలి. వోల్టుకి 1,000 ఓముల మీటరుని 250 స్కేలు మీద వుంచి ఒకదానికి తగిలిస్తే 83 చూపిస్తుంది. 1951లో వచ్చిన ఏవో 8 మీటరుది వోల్టుకి 20,000 ఓములు. అది 99 చూపిస్తుంది. నేటి కోటి ఓముల డిజిటల్ మీటరు 99న్నర అంటుంది.

అయితే కొత్త మీటరు కొంటే చిక్కు తీరినట్టేనా? అక్కడే వుంది తిరకాసు. ఆ రోజుల్లో కంపెనీలు అచ్చువేసిన సర్వీసు కాగితాల్లో చాలా అంకెలు వోల్టుకి 1,000 ఓముల మీటరుతో తీసినవే. కాగితంలో 83 వుండి, మన మీటరు 99 చూపిస్తే సెట్టు చెడినట్టు కాదు. యే మీటరుతో కొలిచారో చాలా కాగితాల్లో చిన్న అక్షరాలతో వేసేవారు. ముందుగా చదవవలసింది అది. పవరు సప్లై దగ్గర యే మీటరైనా దాదాపు ఒకటే మాట చెబుతుంది. పెద్ద రెసిస్టెన్సు దాటి వచ్చే ప్లేటు, స్క్రీను వంటి చోట్లనే యీ తగాదా.

నా దగ్గరికి వచ్చే సెట్లలో కొన్నిటికి అప్పటికే యెవరో "వాల్వు పోయింది" అని తీర్పు చెప్పేసి వుంటారు. తీరా చూస్తే వాల్వు నిక్షేపంలా వుంటుంది. యీ రేడియో వాల్వులు చాలావరకు యిప్పుడు తయారు కావడం లేదు. ఆ ఒక్క మాట నమ్మితే తాతగారి రేడియో పాతసామాన్ల బండి యెక్కవలసిందే.

మరో హెచ్చరిక. వెనక అట్ట తీసి పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో 200 పైచిలుకు వోల్టులు కొంతసేపు నిలిచి వుండవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్లలోనైతే లోపలి లోహపు చట్రానికే మెయిన్సు కరెంటు వుండవచ్చు. పాత మెకానిక్కులు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని కొలిచేది దర్జాకి కాదు. కరెంటు ఒక చేతినుంచి మరో చేతికి గుండె మీదుగా పోకూడదని.

యీసారి యెవరైనా మీ సెట్టు కొలిచి అంకె చెబితే, "యే మీటరుతో చూశారండీ?" అని అడగండి. పని తెలిసినవాడు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.