రుచికి తగినంత అంటే ఎంత?

వంటల పుస్తకం ఏది తీసినా చివర్లో ఒక మాట ఉంటుంది: ‘ఉప్పు – రుచికి తగినంత’. కంప్యూటర్ సంగతి అడిగినా మనకి దొరికే జవాబు ఇంచుమించు ఇలాంటిదే: ‘బ్రౌజర్‌ని అప్పుడప్పుడు క్లీన్ చేసుకుంటూ ఉండు.’ ఎంత? ఎప్పుడు? దేన్ని? ఎందుకు? ఇవేవీ ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్ళకి ఆ మాటతో పని లేదు, తెలియనివాళ్ళకి ఆ మాట పనికి రాదు. నా అభిప్రాయం ఏమిటంటే, కారణం చెప్పని చిట్కా సగం చిట్కాయే. ఆ మిగతా సగం చెప్పకపోవడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది మన అమ్మలు, మనలాంటి ఆడపిల్లలు.

ఉప్పుకీ బ్రౌజర్‌కీ ఏం సంబంధం అని నవ్వకండి. రెండూ రోజూ చూసుకోవలసినవే. సరిగ్గా ఉన్నన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనవు. చెడితే మాత్రం అందరూ మనవైపే చూస్తారు. కూరలో ఉప్పు ఎక్కువైతే ‘ఎవరు చేశారు?’ అంటారు. ఫోన్‌లో ఏదైనా తేడా వస్తే ‘ఎవరి చేతిలో ఉంది?’ అంటారు.

ముందు ఉప్పు సంగతి. మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ ఉప్పు అంటుంది, జేజేమా లుణొ అంటుంది. అమ్మది పప్పుపులుసు, జేజేమాది డాల్మా. ఎంత వెయ్యాలి అని అడిగితే మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి. అమ్మ ‘చూసి వెయ్యి’ అంటుంది, జేజేమా ‘అందాజ్’ అంటుంది. బరంపురంలో పెరిగిన మనకి రెండు మాటలూ అర్థమౌతాయి, రెండిట్లోనూ కొలత మాత్రం లేదు.

వాళ్ళ చేతికి లెక్క తెలుసు, కాదనను. కానీ ఆ చెయ్యి నేర్చుకున్న ఉప్పు వేరు. ఒకప్పుడు ఇళ్ళకి వచ్చింది హుమ్మా, నౌపడా మడుల్లోని కల్లుప్పు. ఇప్పుడు డబ్బాలో ఉన్నది మెత్తటి పొడి ఉప్పు. కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాలో తక్కువ బరువు పడుతుంది. పొడి ఉప్పు ఖాళీ లేకుండా సర్దుకుంటుంది. అంటే పిడికిలి మారకపోయినా లోపల ఉప్పు పెరిగింది. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ ఎవరో ఒకరు చెప్పవలసిన సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటుంది. సుమారుగా ఒక టీ చెంచా, గోపురం లేకుండా, మట్టంగా. అది కూరలో వేసేది మాత్రమే కాదు, ఆవకాయ, అప్పడం, వడియం, చల్లమిరపకాయ, మిక్చరు అన్నీ కలుపుకుని. ఈ లెక్క ఇంట్లో వేసి చూడండి. నలుగురికి రోజుకి 20 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతుంటే మనిషికి రోజుకి 8 గ్రాములు దాటుతున్నట్టు. పచ్చళ్ళకీ కడుగుళ్ళకీ వాడింది తీసేసినా, బయట తిన్నది ఇంకా కలపాలి. చెంచాతో కొలవక్కర్లేదు, ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీద పెన్నుతో రాస్తే చాలు. నాకు తెలిసి ఇంతకన్నా తేలికైన చిట్కా లేదు.

ఇక మిగతా చిట్కాలు, కారణాలతో సహా.

బెండకాయ వేపుడులో ఉప్పు చివర్లో వెయ్యాలి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, ముందే వేస్తే జిగురు తేలుతుంది. ఆకుకూరకి మగ్గాకే వెయ్యాలి. గిన్నె నిండా కనిపించిన తోటకూర మగ్గాక గుప్పెడవుతుంది, ఉప్పు మాత్రం తగ్గదు. చారు, పులుసు మరిగి చిక్కబడేవి కాబట్టి మొదట్లో సరిపోయిన ఉప్పు చివరికి ఎక్కువవుతుంది. ముందు కొంచెం, దించే ముందు రుచి చూసి మిగతాది. అయోడిన్ ఉప్పుని పొయ్యి పక్కన మూత లేకుండా పెట్టకూడదు, వేడికీ చెమ్మకీ అయోడిన్ తగ్గిపోతుంది. ఉప్పు ఎక్కువైన పులుసులో ఆలుగడ్డ వేస్తే అది ఉప్పుని పీల్చేస్తుందంటారు. అది పీల్చేది ఉప్పునీళ్ళని, ఉప్పుని ఒక్కదాన్నీ ఏరుకుని కాదు. మిగిలిన పులుసు ఉప్పగానే ఉంటుంది. నీళ్ళో, పప్పో, ఉప్పు లేని కూరముక్కలో కలిపి పలచన చెయ్యడమే దారి.

బీపీ ఉన్నవాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. డాక్టరు ‘ఉప్పు తగ్గించండి’ అని రాసి పంపిస్తారు. చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే: అమ్మ తనకోసం చప్పిడి కూర వేరేగా తీసుకుంటుంది, అది సయించక పక్కన ఆవకాయ బద్ద వేసుకుంటుంది. తగ్గించినదంతా ఆ బద్దతో తిరిగి వచ్చేస్తుంది. ‘ఏటవుద్దే, ఓ ముక్కే కదా’ అంటుంది. ఆవకాయ ఏడాది నిలవుండేది ఎక్కువ ఉప్పు వల్లే అని ఎవరైనా విడమరిచి చెప్తే ఆ ముక్క వేసుకునే ముందు ఆగుతుంది. ఉప్పు తగ్గినచోట నిమ్మకాయో, చింతపండో, వేయించిన జీలకర్రో రుచి నిలబెడతాయి. తక్కువ సోడియం ఉప్పని దొరికేవాటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా వాడకూడదు. గులాబీ రంగు ఉప్పు మంచిదని ఎక్కువ వేసుకుంటే లాభం లేదు, అందులోనూ ప్రధానంగా ఉన్నది అదే సోడియం క్లోరైడు.

ఇప్పుడు బ్రౌజర్. మన ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ మీద రోజుకి ఎంతోమంది కూర్చుంటాం. స్కాలర్‌షిప్ ఫారాలు, పరీక్ష ఫీజులు అన్నీ అక్కడే. లేచేటప్పుడు చాలామంది ‘హిస్టరీ తుడిచేశాను’ అని ధీమాగా వెళ్ళిపోతారు. హిస్టరీ అంటే ఎక్కడెక్కడికి వెళ్ళామో రాసుకున్న చిట్టా మాత్రమే. లోపలికి వెళ్ళినట్టు గుర్తుపెట్టుకునేవి కుకీలు. పేజీ త్వరగా తెరుచుకోవడానికి దాచుకున్న బొమ్మలూ ముక్కలూ క్యాష్. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఇంకో అర. నాలుగూ వేరు వేరు డబ్బాలు. హిస్టరీ ఒక్కటే తుడవడమంటే, ఎక్కడికి వెళ్ళామో రాసిన కాగితం చింపేసి ఇంటి తలుపు తెరిచి వదిలేసినట్టు.

కాబట్టి ల్యాబ్‌లో, నెట్ సెంటర్‌లో ముందు లాగౌట్. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే తుడిచే కిటికీ వస్తుంది, అందులో హిస్టరీతో పాటు కుకీలకీ టిక్ పెట్టాలి. ‘పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటారా’ అని అడిగితే వద్దనాలి. ఇన్‌కాగ్నిటో వాడితే ఆ కిటికీలన్నీ మూసేశాక కుకీలు పోతాయి. కానీ డౌన్‌లోడ్ చేసిన ఆధార్ కాపీ పోదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే కూర్చుంటుంది. దాన్ని మనమే తీసెయ్యాలి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. నెట్‌వర్క్ నడిపేవాళ్ళకి ఏ సైటుకి వెళ్ళామో ఇన్‌కాగ్నిటోలోనూ తెలియొచ్చు.

సొంత ఫోన్‌లో ఇలా రోజూ తుడవక్కర్లేదు. పేజీ సరిగ్గా రాకపోతే క్యాష్ తుడిస్తే చాలు. కుకీలు తుడిస్తే చాలా సైట్లలోంచి బయటికి వచ్చేస్తాం, మళ్ళీ పాస్‌వర్డ్, ఓటీపీ అంతా మొదటికి వస్తుంది. వాయిదా వెయ్యకూడనిది అప్‌డేట్. అందులో వచ్చేవి కొత్త సోకులే కాదు, దొంగలు దూరే కన్నాలకి వేసే పూడికలు కూడా. ఏ సైటైనా ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అంటే అలవాటుగా ‘అలౌ’ నొక్కకండి, వైరస్ వచ్చిందని బెదిరించే పిచ్చి సందేశాలు చాలావరకు ఆ దారినే వస్తాయి. తాళం బొమ్మ ఉంది కదా అని నమ్మెయ్యకండి. మధ్యలో ఎవరూ చదవలేరని దాని అర్థం, అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. ఈ పొరపాటు ఎక్కువైందనే క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మని తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇంత చిన్న విషయాలకి ఇంత రాయాలా అంటే, రాయాలి. మా పేటలో ఒకమ్మాయి నెట్ సెంటర్‌లో ఫారం నింపి లాగౌట్ చెయ్యకుండా వచ్చేసింది. తర్వాత కూర్చున్నవాళ్ళెవరో ఆమె మెయిల్లోని ఫోటోలు చూశారు, నలుగురికీ చూపించారు. చూసినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లోవాళ్ళు చేసింది ఆ అమ్మాయి ఫోన్ లాక్కోవడం. మన పెద్దవాళ్ళకి తెలిసిన జాగ్రత్త అదొక్కటే: ముట్టుకోకు. కూర మాడుతుందని పొయ్యి దగ్గరికి రావద్దని మనకి ఎవరైనా చెప్పారా? చెప్పరు, మంట తగ్గించడం నేర్పుతారు. బ్రౌజర్‌కి మాత్రం ఆ న్యాయం ఎందుకు లేదు? తలుపు గడియ పెట్టడం నేర్పకుండా ఇంట్లోంచే వెళ్ళగొట్టడం జాగ్రత్త కాదు, శిక్ష.

‘ఇవన్నీ నెట్‌లో ఉంటాయి కదా’ అనేవాళ్ళున్నారు. ఉంటాయి, ఎక్కువగా ఇంగ్లీషులో. మనకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, స్క్రీన్ మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య సందుల్లో చాలా సంగతులు జారిపోతున్నాయి. మా అమ్మకి కుకీ అంటే బిస్కెట్టే. ఆమె తెలివితక్కువది కాదు, ఆమె భాషలో ఎవరూ చెప్పలేదు, అంతే. తెలుగు శాఖ గోడ మీద కావ్యాల గురించే రాయాలని రూలేమీ లేదు కదా. రోజువారీ పనులు చెప్పుకోలేని భాషని ఇళ్ళల్లో ఎన్నాళ్ళు నిలబెట్టుకుంటాం?

అందుకే రెండు మాటలు. ల్యాబ్ తలుపు లోపలివైపు ‘లేచే ముందు’ అని నాలుగు వాక్యాల కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ అంటించడానికి మేడమ్‌లు అనుమతి ఇవ్వాలి, రాసిచ్చే పని నాది. రెండోది మీకు. ఈసారి ఇంట్లో ఉప్పు ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద తేదీ వెయ్యండి. అయిపోయిన రోజున ఎన్నాళ్ళొచ్చిందో, ఇంట్లో ఎందరున్నారో చీటీ రాసి ఈ పత్రిక కింద గుచ్చండి. పేరు అక్కర్లేదు. రెండు నెలల తర్వాత ఆ చీటీలన్నీ కలిపి ‘రుచికి తగినంత’ అంటే మన ఇళ్ళల్లో ఎన్ని గ్రాములో లెక్క కట్టి ఇక్కడే రాస్తాను.