నడిమి దొంగ

వాడకట్టు ముచ్చట్లు – 27



పోయిన నెల నేను కాలేజీలో ఒక రాతపూర్వక వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నా మీద ఆరోపణ ఏమిటంటే, వశిష్ఠ మహర్షిని దొంగ అన్నానట. అన్నది నేను కాదు, మా నాయినమ్మ. ఆమె పోయి పదేండ్లు దాటింది కాబట్టి మెమో నాకొచ్చింది. ఇచ్చిన వివరణ పది లైన్లు. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా చెల్లె పెండ్లి సంగతి చెప్పాలి. మే 14న, కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు, ఉదయం 10 గంటల 37 నిమిషాలకు ముహూర్తం. పంతులు వచ్చి చేసిన పెండ్లి మా ఇంట్లో అదే మొదటిది. అంతకుముందు మాకు బైండ్లాయనే పంతులు, డప్పే మంగళవాయిద్యం. బాపు ఆ పంతులింటికి మూడుసార్లు తిరిగాడు, మూడుసార్లూ వాకిట్లో నిలబడే మాట్లాడాడు. నేను వద్దంటే, "నువ్వు పట్నంల ఉంటవ్, ఊర్ల మొఖం సూపియ్యాల్సింది నేను" అన్నాడు. ఆ మాటకు నా పీహెచ్‌డీలో జవాబు లేదు.

తాళి కట్టడం అయ్యాక పంతులు ఇద్దరినీ హాలు బయటికి తీసుకొచ్చి షామియానా అంచు నుంచి ఉత్తరం దిక్కు వేలు చూపించాడు. "అదిగో అరుంధతి. కనబడ్డదా అమ్మా?" మే నెల ఎండ. చెల్లె కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది, నా దిక్కు చూసింది, మళ్ళీ పైకి చూసి "కనబడ్డది" అంది. వీడియో తీసే పిలగాడు "ఇంకోసారి మేడం" అన్నాడు. ఇంకోసారి కనబడింది.

ఇది జరిగి చాలా ఏండ్లయింది. మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఫాబియన్ షెరో అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో చేతులు వేసి పెంచారు. పైసా కట్టక్కర్లేదు, లోపలి కోడ్ కూడా ఎవరైనా తెరిచి చూడొచ్చు. మామూలుగా వేసుకుంటేనే 6 లక్షలకు పైగా చుక్కలొస్తాయి. మీ ఊరు చెప్పండి, తారీకు చెప్పండి, టైం చెప్పండి, ఆ క్షణం మీ నెత్తి మీద ఉన్న ఆకాశాన్ని తెర మీద పరుస్తుంది. వందేండ్ల వెనక్కి పొమ్మన్నా పోతుంది. నాది పాత ల్యాప్‌టాప్, ఫ్యాను పిండిగిర్నీ లెక్క మోగింది. అయినా నడిచింది.

మనిషి బుద్ధి కదా, మొదట వెతికింది చెల్లె పెండ్లే. ఊరు కరీంనగర్. మే 14. ఉదయం 10:37. తెర నిండా నీలం, నడుమ సూర్యుడు. కీబోర్డు మీద 'ఏ' నొక్కితే గాలిపొర పోయి పట్టపగలే చుక్కలు బయటపడతాయి. నొక్కాను. ఉత్తరం దిక్కు తిప్పాను. ధ్రువుడు ఉన్నాడు, సప్తర్షులు లేరు. వెతికే పెట్టెలో ఆల్కోర్ అని కొట్టాను, మన అరుంధతికి వాళ్ళ పేరు అది. బాణం గుర్తు నేలలోకి దిగింది. అప్పుడు 'జీ' నొక్కి నేలను తీసేశాను.

అక్కడుంది. క్షితిజానికి 16 డిగ్రీల కింద. వాళ్ళిద్దరినీ షామియానా అంచున నిలబెట్టి పైకి చూపించినప్పుడు అరుంధతి ఫంక్షన్ హాలు పునాదుల కింద, భూమికి అవతలి పక్కన ఉంది. టైం ముందుకూ వెనక్కూ జరిపి చూశాను. ఆ రోజు కరీంనగర్‌లో ఆ చుక్క తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో అస్తమించింది, మళ్ళీ లేచింది మధ్యాహ్నం రెండుంబావుకు. ఎండ వెలుతురులో చుక్కలు కనబడవన్నది చిన్న సంగతి. లేని దిక్కుకు వేలు చూపించడం పెద్ద సంగతి. మే నెల మధ్యలో పొద్దున పెట్టుకునే ముహూర్తాలన్నిటికీ ఇదే గతి. రాత్రి లగ్నమైతే అదే చుక్క ఉత్తరాన మంచి ఎత్తులో ఉంటుంది, పంతులుకూ పేరొచ్చేది.

ఈ మాట కాలేజీలో చెబితే ఒక సహోద్యోగి "అది సింబాలిక్ సార్" అన్నారు. మంచిది. ప్రతీకైతే ప్రతీకనే చెప్పండి. "ఆ దిక్కున అరుంధతి ఉందనుకోండమ్మా" అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. "కనబడ్డదా?" అని అడిగి, అవుననేదాకా కదలకుండా నిలబడితే అది ప్రతీక కాదు. కొత్త కోడలికి మొదటి రోజే నేర్పే పాఠం అది. కనబడకపోయినా కనబడ్డదనాలి.

ఇప్పుడు నాయినమ్మ దగ్గరికి వద్దాం.

ఎండాకాలం మేమంతా వాకిట్లో నులకమంచాల మీద పండుకునేది. ఊర్లో కరెంటు స్తంభాలు మా వాడ మొదట్లోనే ఆగిపోయాయి. దాని మీద బాపు తరం అర్జీలు పెట్టింది, కొట్లాడింది. ఆ అన్యాయం మాకు మిగిల్చిన లాభం ఒక్కటే, చీకటి. పాలపుంత మా వాడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పారేది. నాయినమ్మ ఉత్తరం దిక్కు నాలుగు చుక్కలు చూపించి "గవి మంచంకోళ్ళు" అనేది. ముసలమ్మ మంచం. తోక లెక్క ఉన్న మూడు చుక్కలు ముగ్గురు దొంగలు. మంచం ఎత్తుకుపోవాలని చూస్తుంటారు, ముసలమ్మ నిద్రపోదు, దొంగలు కదలరు.

మీకు లెక్క తెలిసే ఉంటుంది. ఆ మూడింటిలో నడిమిది మైజార్, అంటే వశిష్ఠుడు. మా నాయినమ్మ ఆకాశంలో ఆయన నడిమి దొంగ. విద్యార్థులకు నేను చెప్పింది ఇదే. క్లాసు పగలబడి నవ్వింది, ఒక తండ్రి ఫిర్యాదు రాశాడు.

ఇది మా ఇంట్లో పుట్టిన ఎకసెక్కం కాదు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే కలిసి మహారాష్ట్ర గోండు గూడేలు తిరిగి వాళ్ళ చుక్కల పేర్లు రాసుకొచ్చారు. అక్కడా అది ముసలమ్మ మంచమే, అక్కడా దొంగలే. గోదావరి దాటి అవతల గోండులు, ఇవతల మేము. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో నాయినమ్మను అడగలేదు. అడగాలని తోచే వయసొచ్చేసరికి ఆమె లేదు.

నాయినమ్మకు చుక్కలు కథ కోసం కాదు, టైం కోసం. గడియారం లేని ఇల్లు. పటేల్ పొలంలో తెల్లారకముందే ఉండాలి, ఆలస్యమైతే కూలిలో కోత, దానికి తోడు తిట్లు. ఆమె ఒక మాట అనేది: "సంక్రాంతికి మంచం లేస్తె మనం పండాలె, ఎండకాలం మంచం పంటె మనం లేవాలె." చిన్నప్పుడు అది పొడుపుకథ అనుకున్నాను. చెల్లె పెండ్లి చూసిన రాత్రే దాన్ని కూడా స్టెల్లేరియంలో పెట్టి చూశాను. జనవరి మధ్యలో మంచంకోళ్ళు రాత్రి ఏడు దాటాక ఒక్కొక్కటే పైకొస్తాయి, తొమ్మిదింటికల్లా నాలుగూ వచ్చేస్తాయి. తిని పండుకునే యాళ్ళ. మే మధ్యలో తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మూడు కోళ్ళు గడ్డకు దిగిపోతాయి, నాలుగోది ఒక్కటే మిగిలి ఉంటుంది. లేచి నెత్తిన గంప పెట్టుకునే యాళ్ళ.

ఒక రాత్రి, ఒక సాఫ్ట్‌వేర్, రెండు పరీక్షలు. ఎవరు పాసయ్యారో నేను రాయక్కర్లేదు. పంతులు తప్పు చూపిస్తే ఆయన సంభావన తగ్గదు. నాయినమ్మ తప్పు చూస్తే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఆమె తప్పు చూడలేదు. ఆమెకు చదువు రాదని రేషన్ కార్డు అప్లికేషన్లో నేనే రాశాను.

అరుంధతి సంగతి మనవాళ్ళతో కూడా మాట్లాడాలి. ఆమె మన ఆడబిడ్డ, మాదిగల బిడ్డ అని మన జాంబపురాణం చెబుతుంది, చిందోళ్ళు తరతరాలుగా ఆడి పాడారు. నోరు తెరిస్తే తిట్టుగా మారిన కులం పేరుకు బదులు మన పెద్దలు అరుంధతీయులమని చెప్పుకున్నారు. 1941లో జాషువా గబ్బిలం రాస్తే అందులో గోడు చెప్పుకునేది అరుంధతీ సుతుడే. గుడిలోకి తనకు దారి లేక గబ్బిలంతో కబురు పంపినవాడు. ఆ పేరు వెనుక ఉన్న ఆత్మగౌరవానికి నేను మొక్కుతాను. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు నాకు గొంతులో అడ్డం పడుతుంది. మన బిడ్డ ఆకాశానికి ఎక్కింది దేనికి? పతివ్రతగా. ఋషి పక్కన ఒదిగినందుకు. ఆమె తెలివికి, పనికి ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు. "అరుంధతి మా పిల్లే" అని మురిసే యువకులు ఆ ఒక్క అడుగు ముందుకు కూడా వేయాలని నా కోరిక. వేదాల్లోనే విమానాలున్నాయని చెప్పేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని, మా పురాణంలోనే టెలిస్కోపు ఉందని మనం చెప్పొద్దు.

అసలు ఆ చుక్కల కథ ఏ పురాణం కంటే మజాగా ఉంది. స్టెల్లేరియంలో మైజార్ మీదికి జూమ్ చేసుకుంటూ పొండి, అది రెండుగా విడిపోతుంది. 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ ఆ రెండింటిలో ఒకటి మళ్ళీ జంట అని ప్రకటించాడు. ఆ వర్ణపటాల మీద కూర్చుని పనిచేసినవాళ్ళలో ఆంటోనియా మారీ అనే ఆమె ఉంది. తర్వాత రెండోది కూడా జంటేనని తేలింది. 2009లో ఆల్కోర్‌కూ ఒక తోడు దొరికింది. అంటే వశిష్ఠుడు నలుగురు, అరుంధతి ఇద్దరు. ఆదర్శ దాంపత్యం అని ఏ ఆరుగురిని చూపిస్తున్నారో పంతులు గారే చెప్పాలి. అక్కడి వెలుతురు మన దాకా రావడానికి 80 ఏండ్లకు పైనే పడుతుంది. ఈ రాత్రి మీ కంట్లో పడేది, అటూఇటూగా, గబ్బిలం అచ్చయిన రోజుల్లో బయల్దేరింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆకాశ సంస్కృతులు అని ఒక జాబితా ఉంటుంది. లకోటా మీద నొక్కితే లకోటా బొమ్మలు, నవాహో మీద నొక్కితే నవాహో బొమ్మలు, ఒకటే చుక్కల మీద. భారతదేశం కోసం వెతికితే నాకు దొరికింది వైదిక ఆకాశం. మంచంకోళ్ళు, పిల్లలకోడి, గొల్లకావడి ఆ జాబితాలో నాకు కనబడలేదు. దీనికి ఫ్రెంచాయన్ని తిట్టి లాభం లేదు. ఎవరో రాసి ఇచ్చిందే అక్కడుంది, మనం రాసి ఇయ్యలేదు. ఆస్ట్రేలియాలో బూరాంగ్ అనే మూలవాసుల చుక్కలు కూడా అందులో ఉన్నాయి. ఎట్లా వచ్చాయంటే, వాళ్ళ నేలలో గొర్రెలు మేపుకోవడానికి వచ్చిన స్టాన్‌బ్రిడ్జ్ అనే తెల్లాయన వాళ్ళను అడిగి రాసుకుని 1857లో ఒక సభలో చదివాడు. నేల పోయింది, చుక్కల పేర్లు ఆక్రమించినవాడి కాగితంలో మిగిలాయి. మన పేర్లు కూడా ఎవరో వచ్చి రాసుకుపోయేదాకా ఆగుదామా? మన దగ్గర ఫోన్లున్నాయి, ఎమ్మేలు, పీహెచ్‌డీలు ఉన్నాయి. నా పీహెచ్‌డీ ఐదేండ్లలో ప్రబంధాల్లో చంద్రోదయ వర్ణనలు ఎన్ని చదివానో లెక్కలేదు. నాయినమ్మ చెప్పిన చుక్కలు ఒక్క పేజీ రాసుకోలేదు. ఈ సిగ్గు నాది.

రోహిత్ వేముల గుర్తుకు రాకుండా ఈ ముచ్చట రాయడం నాకు చేతకాదు. 2016 జనవరి 17. కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. ప్రతి జనవరిలో మనం ఆ ఉత్తరం చదువుతాం, పోస్టర్లు వేస్తాం. ఆ కోరికను మాత్రం ఎత్తిపట్టుకోలేదు. మన దగ్గర కవులున్నారు, లాయర్లున్నారు, పాట కట్టేవాళ్ళకు కొదవే లేదు. సాయంత్రం పూట హాస్టల్ మేడ మీద పిల్లలకు చుక్కలు చూపించేవాళ్ళు ఎంతమంది?

మెమో వచ్చాక నేను చేసిన పని అదే. కాలేజీలో వద్దన్నారు కాబట్టి ఎస్సీ బాలికల హాస్టల్ వార్డెన్ మేడంను అడిగి శనివారం సాయంత్రాలు వెళ్తున్నాను. ముందు తెర మీద, తర్వాత మేడ మీద. ఎదురుగా పెట్రోలు బంకు లైట్ల వల్ల సగం ఆకాశం పోయింది, మిగిలిన సగంతో సరిపెట్టుకుంటున్నాం. పిల్లలకు ఒకటే హోంవర్కు: ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వనో తాతనో చుక్కల పేర్లు అడిగి, ఏ నెలలో, ఏ యాళ్ళకు, ఏ దిక్కున అన్నది రాసుకురావాలి. ఇప్పటికి పందొమ్మిది పేర్లొచ్చాయి. నాలుగు పేర్లు ఏ చుక్కవో ఇంకా తేలలేదు. మీ ఇండ్లలో ముసలోళ్ళు ఉంటే మీరూ అడగండి, రాసి పంపండి, పేరు చెప్పినవాళ్ళ పేరుతో సహా.

ఆరోజుల్లో నాయినమ్మ నడిమి దొంగ పక్కనున్న చిన్న చుక్కకు వేరే పేరేమీ పెట్టలేదు. "గది కనబడితె నీ కండ్లు మంచిగున్నట్టు" అనేది, అంతే. చివరి ఎండాకాలం ఆమే అడిగింది, "గా సిన్న సుక్క ఉన్నదా బిడ్డా? నాకైతె కనబడ్తలేదు" అని. మొన్న చెల్లె బిడ్డ ఇంటికొస్తే మేడ మీదికి తీసుకుపోయి అదే చుక్క చూపించాను. చాలాసేపు కండ్లు చిట్లించి చూసి "లేదు మామా, ఒక్కటే ఉంది" అంది. రేపే కండ్ల డాక్టరుకు చూపించమని చెల్లెకు చెప్పాను.